బతికే ఉండాది

తెల్లవారి లేవగానే దాసన్న చేసే మొదటి పని చెప్పులకు ఆముదం పట్టించడం. గుడిసె ముందు గొంతుక్కూర్చుని, పాత గుడ్డపీలికను చమురులో ముంచి, వేళ్ల దగ్గరి తోలుపట్టీతో మొదలుపెట్టి మడమ దాకా రుద్దేవాడు. ఆ సీమ ఎండకు తోలు ఒక్కరోజు వదిలేస్తే చెక్కలా బిగుసుకుపోతుంది. బిగుసుకున్న చెప్పుతో ఆమడ దూరం నడిస్తే కాలు పుండవుతుంది. నడక ఎప్పుడు పడుతుందో అతనికే తెలియదు. ఎవరి ప్రాణం ఎప్పుడు పోతుందో ముందుగా చెప్పేదెవరు?

"కూరలోకి చమురు లేదు గానీ నీ చెప్పులకుండాది," అనేది పెళ్లాం జీవమ్మ.

"కూర లేకుంటే మనిద్దరమే పస్తు. నా చెప్పు తెగితే ఇంగొకరు కాచుకోనుండల్ల."

"ఎవురయ్యా కాచుకోనుండేది?"

"అదే... పండుకోనుండేవాళ్లు."

జీవమ్మ పకపకా నవ్వేది. ఇంట్లో, కట్టుకున్నదాని ముందు కూడా ఆ మనిషి నోట పీనుగ అన్న మాట రాదు.

దాసన్న ఎద్దులబండ ఊరికి వెట్టి. రాయచోటి నుంచి పొద్దుటి పూట బయలుదేరితే మధ్యాహ్నానికి చేరే ఊరది. ఊరికి తూర్పున పాలెం, పాలెంలో మట్టిగోడల ప్రార్థన గుడి. ఆదివారం దాసన్న ఆ గుడి మనిషి, మిగతా రోజులు ఊరి మనిషి. చాటింపు వేయడం, కరణం గారి సంచి మోయడం అతని పనులే గానీ, అన్నిటికంటే పెద్ద పని చావు కబురు మోయడం. ఊళ్లో ఎవరు పోయినా వాళ్ల చుట్టాలున్న ఊళ్లన్నీ తిరిగి చెప్పాలి. అందుకు కళ్లాల దగ్గర ప్రతి కాపూ ఇన్ని గింజలు మేరగా కొలిచి పోసేవాడు. అదే బతుకు.

ఆ పనిలో నడకకంటే మాటే కష్టం. దాసన్న తండ్రి ఏసేపు చిన్నప్పుడే కొడుక్కి నేర్పాడు: ఆ మాట నోట అనకూడదు. నువ్వు అన్నావంటే దాన్ని ఆ గడపలోకి నువ్వే తెచ్చినట్టు. ఆడబిడ్డ నెత్తిన కడవతో ఉంటుంది, ఇంట్లో ముసలివాళ్లుంటారు. "ఫలానా ఆయనకు బాగలేదు, ఒకసారి వచ్చి పొమ్మన్నారు" అని చెప్పి తల దించుకో. తక్కినది వాళ్లే అర్థం చేసుకుంటారు.

అర్థం చేసుకునేవాళ్లు కూడా. నిజంగానే బాగలేకపోతే ఏం జబ్బో చెప్పేవాడు, మందెవరిస్తున్నారో చెప్పేవాడు. ఆ మాటకొస్తే దాసన్ననే పంపేవాళ్లు కాదు, ఇంట్లో మనిషే వచ్చేవాడు. కబురు చెప్పినవాడు ఆ ఇంటి నీళ్లు ముట్టడు. నీళ్లు వద్దని తల దించుకుని నిలబడిన దాసన్నను చూస్తూనే లోపల ఏడుపు మొదలయ్యేది. "ఎప్పుడు ఎత్తుతారు?" అని ఎవరో ఒకరు అడిగితే అప్పుడు మాత్రం వేళ చెప్పేవాడు.

అందుకే అతను పక్క ఊరికి కోడిపెట్టను కొనడానికి పోయినా వీధిలో గుండెలు జారేవి.

"ఏమప్పా దాసన్నా, ఊరికే వచ్చినావా, పని మీదొచ్చినావా?"

"ఊరికేనయ్యా. కోడికోసరం."

"ముందే చెప్పగూడదా? నా పెండ్లాము ఏడ్చేదానికి అప్పుడే కొప్పు విప్పింది!"

గుడిలో వాక్యం చెప్పే గాబ్రియేలు అయ్యగారు ఒకసారి అతన్ని నిలదీశాడు. "పోయిన మనిషిని పట్టుకొని బాగలేదని చెప్తావే, అది అబద్ధం కాదా దాసన్నా?"

దాసన్న కాసేపు ఆలోచించి, "వాళ్లు నమ్మితే గదయ్యా అబద్ధం? ఇంతవరకు నా మాట ఒక్కరూ నమ్మలేదు," అన్నాడు. అయ్యగారికి నవ్వు ఆగలేదు.

పెద్ద యుద్ధం రావడానికి ముందటేడు వానలు పూర్తిగా మొండికేశాయి. బావులు అడుగంటాయి, చెట్టు మీద ఆకు లేదు. ఎద్దులబండలో, చుట్టుపక్కల ఊళ్లలో కాళ్లు గట్టిగా ఉన్న మగవాళ్లందరూ పశువులను తోలుకుని గడ్డి కోసం కొండల్లోకి పోయారు. ఊళ్లలో ఆడవాళ్లు, ముసలివాళ్లు, కొండ ఎక్కలేని ఎద్దులు మిగిలాయి. ఊళ్లో కాపుల ఇంటి లక్ష్మక్క మొగుడు గోపన్న కూడా అలాగే పశువులతో పోయాడు. ఏ కొండలో ఉన్నాడో తెలియదు. అప్పుడే లక్ష్మక్కకు జ్వరం పట్టుకుంది. జ్వరం వెనకే కడుపులో నొప్పి. ఊళ్లో నాటుమందులిచ్చే ఆచారి కషాయాలు ఇచ్చాడు. మనిషి రోజురోజుకూ కరిగిపోయింది.

ఒకరోజు పొద్దున పక్కింటి ముసలామె పాలెం దాకా వచ్చి దాసన్నను పిలుచుకుపోయింది. లక్ష్మక్క వసారాలో మంచం మీద ఉంది. దాసన్న వాకిట్లో నిలబడ్డాడు.

"దాసన్నా, నాకు నిజంగానే బాగలేదప్పా," అని ఆమె నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి తిరిగింది.

"మందు పడితే తగ్గుతాదమ్మా."

"నాకు చెప్పద్దులే. బిడ్డను చూడల్ల. కండ్లు కనపడేటప్పుడే చూడల్ల."

కూతురు నాగలక్ష్మమ్మను సాలగుండంలో ఇచ్చారు. నడిస్తే సగం రోజు దారి. ఆ పిల్లకు ఆరో నెల.

"నువ్వు పోయి ఒకసారి రమ్మంటే వాళ్లేమనుకుంటారో నీకూ తెల్సు, నాకూ తెల్సు," అంది లక్ష్మక్క. "కడుపుతో ఉండే పిల్లను పీనుగుండే యింటికి పంపరు. రోగమొచ్చిన తల్లి కాడికైతే పంపుతారు. అందుకని నీ పాత మాట చెప్పద్దు. తిన్నగా చెప్పు. బతికే ఉండాదని చెప్పు."

"అట్లే చెప్తానమ్మా."

"నమ్మకపోతే ఇది చూపీ." ఆమె కుడిచెయ్యి మంచం పక్కకు వాల్చింది. మోచేతి కింద ఉన్న వెండి కడియం దానంతటదే జారి, కింద కూర్చున్న ముసలామె ఒడిలో పడింది. "పెండ్లిలో ఎక్కించినారు. ఇన్నేండ్లూ ఆముదం పూసినా ఊడేది గాదు. చూడు, ఇప్పుడెట్ల వచ్చేసిందో."

ముసలామె కడియం తెచ్చి మెట్టు మీద పెట్టింది. దాసన్న దాన్ని కళ్లకద్దుకుని నడుం మడతలో దోపుకున్నాడు.

దారి పొడుగునా అతను మాటలు కూర్చుకుంటూ పోయాడు. పైకే అనుకున్నాడు. "అమ్మా, లక్ష్మక్క బతికే ఉండాది." నాగజెముళ్ల మధ్య, ఎండిన వంక ఇసకలో, ఎవరూ లేని చోట ఆ మాట అతనికే వింతగా వినిపించింది. బతికున్న మనిషి గురించి అలా చెప్పవలసిన అవసరం ఇంతవరకు అతనికి రాలేదు. ఎవరికైనా వచ్చి ఉంటుందా అని కూడా అనుకున్నాడు. పోగానే నీళ్లడిగి తాగాలనుకున్నాడు. తల దించకూడదనుకున్నాడు. వీలైతే నవ్వాలనుకున్నాడు.

సాలగుండం వీధిలోకి అడుగు పెట్టగానే ఒక ముసలాయన అరుగు మీద నుంచి లేచాడు.

"ఎవురింటికప్పా?"

"కంబన్న ఇంటికి. ఏమీ లేదు, అందరూ బాగుండారు."

"బాగుంటే నువ్వెందుకొస్తావులే," అని ముసలాయన పైగుడ్డ నెత్తికి చుట్టుకుని వెనకే నడిచాడు.

నాగలక్ష్మమ్మ అత్త వెంకటేశ్వరమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. దాసన్నను చూసింది. చేట కింద పెట్టి, ముందుగా పోయి లోపల కోడలున్న నడవ తలుపు దగ్గరకు లాగి గొళ్లెం వేసింది. తర్వాత వచ్చి గోడ దగ్గర నిలబడింది.

దారంతా కూర్చుకున్న మాటలు ఎటు పోయాయో. ముప్పై ఏళ్ల అలవాటు నాలుకను పట్టుకుంది.

"అమ్మా, లక్ష్మక్కకు బాగలేదు..."

వెంకటేశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎప్పుడప్పా?"

"ఎప్పుడేందమ్మా! బతికే ఉండాది. జరము, కడుపులో నొప్పి. ఆచారి కసాయమిస్తాండాడు. పొద్దున గంజి తాగింది. నాతో శానాసేపు మాట్లాడింది. బిడ్డను చూడల్లంటాది, అంతే."

ఆమె అతని వైపు జాలిగా చూసింది. "ఎప్పుడూ రెండు మాటలు చెప్పి తల దించుకునేటోడివి. ఈ పొద్దు ఇన్ని చెప్తాండావు. లోపల పిల్ల వింటాదని గదా? నీ మనసు శానా మంచిదప్పా."

"పిల్ల వినాలనేనమ్మా! నీళ్లు పొయ్యండి, తాగుతా."

ఆమె చెంబు తెచ్చి అతని దోసిట్లో పోసింది. అతను గటగటా తాగాడు. వీధిలో పోగైన ఆడవాళ్లలో ఒకామె, "ఎండకు పడి వచ్చినాడు పాపం, ఆచారం గూడా మర్సిపోయినాడు," అంది.

పశువుల కొట్టంలోంచి ఆమె మొగుడు కంబన్న వచ్చాడు. మోకాళ్ల నొప్పితో కొండకు పోలేక ఉండిపోయిన మనిషి. విషయం విన్నాడు. దాసన్న మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. కంబన్న కోప్పడలేదు.

"బతికుండే మనిషిని బతికుండాదని ఎవురన్నా చెప్తారా దాసన్నా? మా ఎద్దు బతికే ఉండాది, మా పక్కింటోడు బతికే ఉండాడని నేను ఊర్లెమ్మడి తిరిగి చెప్తానా?"

దాసన్న నడుం మడతలోంచి కడియం తీసి మెట్టు మీద పెట్టాడు. "నమ్మకపోతే చూపమని ఇచ్చిందయ్యా. తన చేత్తోనే."

అందరూ దాన్ని చూశారు. తర్వాత వెంకటేశ్వరమ్మ కళ్లు తుడుచుకుంది. "ఇది ఆ చెయ్యి వదిలేది ఒక్క నీళ్లు పోసేటప్పుడే గదప్పా," అంది. పీనుగకు స్నానం చేయించేటప్పుడని.

"చెయ్యి సన్నబడి అదే జారిందమ్మా!"

"సరే. జారింది. ఊరుకో."

ఆ ఊరుకోబెట్టడం దాసన్న భరించలేకపోయాడు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. ఒక్కరూ అతన్ని అబద్ధాలకోరనలేదు. అతను ఏం చెబితే దాన్ని దయగా తీసుకుని, తమకు తెలిసిన చోట పెట్టేసుకుంటున్నారు. గోడకు చేరబడి, మూసిన తలుపు వైపు తిరిగి గట్టిగా అరిచాడు.

"తల్లీ, నాగలక్ష్మమ్మా! మీయమ్మ బతికే ఉండాది! నిన్ను చూడల్లంటాది!"

వెట్టి దాసన్న గొంతు చించుకుని అరవడం సాలగుండం ఎన్నడూ వినలేదు. పక్క వాకిళ్లలో ఆడవాళ్లకు మాటలు అందలేదు, అరుపు మాత్రం అందింది. అక్కడొకరు, ఇక్కడొకరు, వీధి వీధంతా ఏడుపు ఎత్తుకుంది. తలుపు లోపల ఏదో దబ్బున పడిన చప్పుడయింది.

"అయ్యో నాయనా! చెప్పద్దు చెప్పద్దంటుంటే అరిచి చెప్తివే!" అంటూ వెంకటేశ్వరమ్మ లోపలికి పరుగెత్తింది.

కంబన్న ఇక నిలవలేదు. ముత్తయిదువ చావు కాబట్టి వియ్యంకుల తరఫున కొత్త చీర, పసుపు, కుంకుమ మూట కట్టుకుని బయలుదేరాడు. కోడలిని తీసుకుపోయే మాటే లేదు. ఇద్దరూ నడిచారు.

"ఎప్పుడు ఎత్తుతారు?" అన్నాడు దారిలో కంబన్న.

"ఎత్తరయ్యా."

"గోపన్న వచ్చేదాకా పెడతారా? ఈ ఎండలకు నిలుస్తాదా?"

దాసన్న అడుగు పెంచాడు. ఏమన్నా అది మరో దారిలో పోయి అదే చోట చేరుతోంది.

పొద్దు వాలేవేళకు ఎద్దులబండ చేరారు. లక్ష్మక్క మంచాన్ని వాకిట్లోకి తెప్పించుకుని, వీపుకు దిండు పెట్టించుకుని, వీధి వైపు చూస్తూ కూర్చుంది. కంబన్న వాకిలి దాకా వచ్చి కొయ్యబారిపోయాడు. మూట ముడిలోంచి కొత్త చీర అంచు కనిపిస్తోంది, పొట్లం కారి దాని మీద కుంకుమ ఎర్రగా అయింది.

లక్ష్మక్క అతన్ని చూసింది. మూటను చూసింది. అతని వెనక ఖాళీగా ఉన్న వీధిని చాలాసేపు చూసింది.

"తొందరపడినావే అన్నా," అంది.

కంబన్న మూట వీపు వెనక్కి దాచబోయి, దాచలేక, అక్కడే కూలబడ్డాడు. "తప్పయిపాయ తల్లీ. మేమేమో... ఇతనేమో..."

"ఎవురి తప్పూ గాదులే. బిడ్డను తోడకరా పో."

ఆ మాట వినగానే కంబన్న నొప్పి మోకాళ్లతోనే వెనక్కి తిరిగాడు. మంచినీళ్లు కూడా తాగలేదు.

మరునాడు పొద్దున్నుంచీ దాసన్న ఆ వాకిట్లోనే ఉన్నాడు. ఎవరూ ఉండమనలేదు, పొమ్మనలేదు. లక్ష్మక్కకు కళ్లు మూతలు పడుతున్నాయి. తెరిచినప్పుడల్లా, "బండి చప్పుడేనా?" అని అడిగేది. "వస్తాంటాదమ్మా," అనేవాడు. నిజంగానే వస్తూ ఉంటుంది. కొండ ఎక్కలేని ఎద్దులవి, ఎంత తోలినా అంతే. పొద్దు నడినెత్తికి రాకముందే ఆమె అడగడం మానేసింది. ఇంకొంచెం సేపటికి ముసలామె మంచం మీదికి వంగి చూసి, ఆమె కళ్లు మూసి, తన నోట్లో కొంగు కుక్కుకుంది.

కాసేపయ్యాక ఆమే వచ్చి, "పో దాసన్నా," అంది. "ఇంగ ఆ పిల్ల ఊర్లోకి రాగూడదు."

దాసన్న ఊరి బయట వంక దాకా పోయి నిలబడ్డాడు. బండి అవతలి గట్టు దిగుతోంది. కంబన్న తోలుతున్నాడు, లోపల వెంకటేశ్వరమ్మ, ఆమె పక్కన నాగలక్ష్మమ్మ. ఆ పిల్ల చేతికి తల్లి కడియం ఉంది. దాసన్నను చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"దాసన్నా! నువ్వు చెప్పిందే నిజమంట గదా! పాపం, నిన్ను ఎవురూ నమ్మకపోయిరి. అమ్మ ఎట్లుండాది?"

"బాగలేదు తల్లీ," అన్నాడు దాసన్న.

"బాగలేదనే గదా వస్తాండాము. మామా, తోలు."

కంబన్న చర్నాకోల ఎత్తాడు. వెంకటేశ్వరమ్మ కూడా, "అడ్డం లేప్పా, పొద్దు పోతాంది," అంది.

మొన్నటి దాకా ఆ మాట వింటే బండి అక్కడే ఆగిపోయేది. నిన్నటితో ఆ మాటకు అర్థం మారిపోయింది. దాసన్న బాగలేదన్నాడంటే ఇప్పుడు బాగలేదనే. ఒకసారి మోసపోయినవాళ్లు మళ్లీ మోసపోకూడదని, అతను అన్నది అన్నట్టే వింటున్నారు. ఈ బండి ఇలాగే సాగితే తిన్నగా పీనుగ ముందుకు పోయి ఆగుతుంది. తల దించుకున్నాడు, ఎవరూ చూడలేదు. ఎడ్ల ముందుకు పోయి కాడి పట్టుకున్నాడు.

"చచ్చిపోయింది తల్లీ."

వెంకటేశ్వరమ్మ చప్పున కోడలి తలను తన భుజానికి అదుముకుంది. పిల్ల ఏడవలేదు. అత్త చేతుల సందులోంచి అతన్నే చూసింది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. పొద్దు నెత్తికొచ్చేలోపల."

"దూరం నుంచి చూస్తానత్తా. వాకిట్లోకి పోను."

"కడుపులో బిడ్డుండాది తల్లీ. వద్దు."

వంక ఇసకలో బండి తిరగలేదు. కంబన్న, దాసన్న ఎడ్లను విప్పి, కాడి ఎత్తి, చక్రాలు పట్టి నెట్టి బండిని తిప్పవలసి వచ్చింది. అది తిరిగేదాకా నాగలక్ష్మమ్మ ఊరి వైపే చూస్తూ కూర్చుంది. తిరిగాక ఆమె ముఖం అతనికి కనిపించలేదు.

కంబన్న మూట నిన్నటి నుంచీ ఆ వాకిట్లోనే ఉంది. పీనుగకు కట్టే చీర కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది.

కథ చుట్టూ ఊళ్లకు పాకింది. ఆ తర్వాత దాసన్న ఎక్కడికి పోయి బాగలేదన్నా, విన్నవాళ్లు ఏడవలేదు, మామూలుగానూ ఉండలేదు. అతని ముఖంలోకి చూసి, "నిజంగా బాగలేదా? లేకుంటే...?" అని ఆగిపోయేవాళ్లు. ఆ ఆగిన చోట దాసన్న ఆ మాట అనాల్సి వచ్చేది. ఒక ఇంట్లో పెద్దకోడలు చీపురు తిరగేసింది. "నా గడపలో నిలబడి ఆ మాటంటావా?" అని కొట్టింది. ఇంకో ఊళ్లో పిలకాయలు అతని వెంటబడి, "బతికే ఉండాది, బతికే ఉండాది," అని పాటగా అరిచారు. జీవమ్మ దగ్గర కూర్చుని, "నా మాట చెడిపాయ," అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

మరుసటి పంటకు అతనే కరణం గారి దగ్గరకు పోయి వెట్టి మానుకుంటానన్నాడు. పని పాలెంలోని లేవి అనే కుర్రవాడి చేతికి పోయింది, మేర గింజలూ లేవి గుడిసెకే పోయాయి. లేవి రెండు మాటలు చెప్పి తల దించుకుంటాడు. అతన్ని చూసి జనం బాగానే ఏడుస్తారు.

నాగలక్ష్మమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను చంకన వేసుకుని మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు, ఎవరికీ చెప్పకుండా పాలెం దాకా నడిచి దాసన్న గుడిసె ముందు నిలబడింది.

"ఆ పొద్దు అమ్మ గంజి తాగిందంటివే, నిజమేనా?"

"తాగింది తల్లీ."

"ఎంత తాగింది?"

"రెండు గుక్కలు."

ఆమె తలూపింది. ఇంకేదో అడుగుతుందని దాసన్న చూశాడు. బిడ్డ ఏడుపందుకుంటే భుజం మార్చుకుని వెళ్లిపోయింది.

యుద్ధం ముగిసింది. ఇప్పుడు దాసన్న, జీవమ్మ రాయచోటి రోడ్డు మీద కంకర కొడుతున్నారు. రాతి పెచ్చు తగిలి దాసన్నకు ఎడమ కన్ను పోయింది.